ప్రైమింగ్ టూల్ ఏది కొనాలి? చేతికి తెలిసేది కొనండి

కిందటి ఎపిసోడ్‌లో కాల్చేసిన ఇత్తడి కేసుల్ని శుభ్రం చేసి, డైలో పెట్టి మళ్ళీ సైజుకి తెచ్చుకోవడం దాకా మాట్లాడుకున్నాం. ఇవాళ దాని తర్వాతి పని, ప్రైమర్ ఎక్కించడం. ఈ సిరీస్ మొదలుపెట్టినప్పటి నుంచి నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న కూడా ఇదే. "అన్నా, ప్రెస్ కొన్నాను, డైలు కొన్నాను. ప్రైమింగ్‌కి విడిగా ఇంకో పరికరం అవసరమా? అవసరమైతే ఏది?"

జవాబు ముందే చెప్పేస్తాను. రైఫిల్ తూటాలు నెలకి వందో రెండొందలో చేసుకునేవాళ్ళకి చేత్తో పట్టుకుని నొక్కే హ్యాండ్ ప్రైమర్ చాలు. వేగం కోసం కొనకండి. ప్రైమర్ గుంటలోకి దిగుతున్నప్పుడు అది ఎలా దిగిందో మీ వేళ్ళకి తెలియాలి, ఆ తెలియడం కోసం కొనండి. మిగతా ఎపిసోడ్ అంతా ఈ మాటకి వివరణే.

ముందు మీ వీసా సంగతి

టూల్ దగ్గరికి వెళ్ళే ముందు ఒక విషయం. వినేవాళ్ళలో సగం మంది హెచ్-1బి మీదో, ఎఫ్-1 మీదో ఉన్నవాళ్ళే కాబట్టి ఇది చెప్పకుండా ముందుకి వెళ్ళలేను.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ అమ్యునిషన్ గానీ దగ్గర పెట్టుకోకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం వాటిలో ఒకటి. చాలామందికి ఇంతవరకూ తెలుసు. తెలియని సంగతి ఏమిటంటే, అదే చట్టంలో "అమ్యునిషన్" అంటే తయారైన తూటా ఒక్కటే కాదు. కేసు, ప్రైమర్, బుల్లెట్, పౌడర్, వీటిలో ఏ ఒక్కటైనా అమ్యునిషన్ కిందే లెక్క.

అంటే, "నాకు తుపాకీ లేదు కదా, ఊరికే ప్రైమర్ల డబ్బా ఒకటి చవగ్గా దొరికితే కొని పెట్టాను" అనడం కుదరదు. ఆ డబ్బాయే అమ్యునిషన్. ఇంకో వైపు నుంచి కూడా చూడండి. మీకు గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉంది, మీ స్నేహితుడికి హెచ్-1బి. తనకి కుదరదని తెలిసి కూడా మీరు ఒక డబ్బా ఇస్తే తప్పు మీ మీదకీ వస్తుంది. మొహమాటానికి పోయి ఇవ్వకండి, తీసుకోకండి. హంటింగ్ లైసెన్స్ దారిలో వెళ్ళాలనుకుంటే, లైసెన్స్ తీసుకోకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక్కసారి మాట్లాడండి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఫెడరల్ చట్టంలో ఈ అడ్డు లేదు గానీ రాష్ట్రాల నియమాలు వేరువేరుగా ఉంటాయి, మీ రాష్ట్రం సంగతి చూసుకోండి.

ఇంకొకటి. చేసిన తూటాలు మీ సరదాకి మీరు కాల్చుకోవచ్చు. అమ్మకం మొదలుపెడితే మాత్రం అది తయారీ వ్యాపారం అవుతుంది, దానికి ఫెడరల్ లైసెన్స్ కావాలి.

ప్రైమర్ అంటే ఏమిటి

చిన్నప్పుడు దీపావళి తుపాకీలో బిళ్ళలు పెట్టి పేల్చాం కదా. తుపాకీ విరిగిపోతే ఆ బిళ్ళని గుమ్మం మీద పెట్టి రాయితో కొట్టేవాళ్ళం, ఠప్‌మనేది. ప్రైమర్ పని చేసే తీరు అదే. దెబ్బ తగిలితే నిప్పు రవ్వ పుడుతుంది. బలం మాత్రం ఆ బిళ్ళతో పోల్చదగ్గది కాదు.

పెసరగింజంత ఉండే ఆ చిన్న ముక్కలో మూడు భాగాలుంటాయి. బయట లోహపు గిన్నె, అంటే కప్. లోపల దెబ్బకి పేలే మందు. ఆ మందు మీద మూడు కాళ్ళో రెండు కాళ్ళో ఉన్న ఒక చిన్న రేకు ముక్క, దాన్ని ఆన్విల్ అంటారు. ఆన్విల్ అంటే దాగలే. కమ్మరి ఇనుముని దాగలి మీద పెట్టి సుత్తితో కొట్టినట్టు, ఫైరింగ్ పిన్ వచ్చి కప్‌ని కొడితే మధ్యలో ఉన్న మందు ఆన్విల్‌కీ కప్‌కీ నడుమ నలిగి పేలుతుంది. ఆ మంట కేసు అడుగున ఉన్న చిన్న రంధ్రం గుండా లోపలి పౌడర్‌కి అంటుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. దాగలి కింద గట్టి నేల లేకపోతే సుత్తి దెబ్బ వృథా. ఆన్విల్ కాళ్ళు ప్రైమర్ గుంట అడుగుకి ఆనాలి, ఆని కొంచెం లోపలికి నొక్కుకోవాలి. అప్పుడే ప్రతి తూటా ఒకేలా పేలుతుంది. అడుగుకి ఆనకుండా పైనే ఆగిపోతే, ఫైరింగ్ పిన్ దెబ్బలో సగం ప్రైమర్‌ని లోపలికి తోయడానికే ఖర్చైపోతుంది. తూటా పేలదు. రెండోసారి కొడితే పేలుతుంది, ఎందుకంటే మొదటి దెబ్బ మీరు సగంలో వదిలిన పని పూర్తి చేసింది. రేంజ్‌లో "ఈ ప్రైమర్లు మంచివి కావు, రెండోసారికి గానీ పేలట్లేదు" అని ఎవరైనా అంటే, ముందు వాళ్ళు ప్రైమర్ ఎలా ఎక్కిస్తున్నారో అడగండి.

పేలకపోవడం చిన్న సమస్య. పెద్ద సమస్య ఇంకోటుంది. ప్రైమర్ కేసు అడుగు భాగం కంటే పైకి పొడుచుకుని ఉంటే, ఏఆర్-15, ఎం1 గారండ్ లాంటి సెమీ-ఆటోమేటిక్ రైఫిళ్ళలో బోల్ట్ విసురుగా వచ్చి మూసుకునేటప్పుడు, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదం ఉంది. ఈ రైఫిళ్ళలో ఫైరింగ్ పిన్‌ని వెనక్కి పట్టి ఉంచే స్ప్రింగ్ ఉండదు. ఏఆర్-15 చాంబర్‌లోకి ఎక్కించి, కాల్చకుండా బయటికి తీసిన తూటా చూడండి, ప్రైమర్ మీద చిన్న చుక్కలాంటి గుర్తు కనబడుతుంది. మామూలుగా అది చుక్కతో ఆగుతుంది. ప్రైమర్ పైకి ఉన్నప్పుడు ఆగుతుందన్న నమ్మకం లేదు.

అందుకే ప్రైమర్ కేసు అడుగుకి సమానంగా కాదు, దానికంటే కాస్త లోపలికి ఉండాలి. మామూలుగా చెప్పే లెక్క అంగుళంలో వెయ్యో వంతులు మూడు నుంచి ఐదు. కొలవక్కర్లేదు, వేలు చాలు. ఎక్కించిన ప్రతి కేసు అడుగునీ చూపుడు వేలితో ఒకసారి నిమరండి. చిన్న గుంటలా తగలాలి. ఇంకో పరీక్ష, కేసుల్ని చదునైన గాజు పలక మీద నిలబెట్టండి. ఊగేది ఏదైనా ఉంటే దాని ప్రైమర్ పైకి ఉన్నట్టే.

సైజులు కలిపేయకండి

ప్రైమర్లు లార్జ్, స్మాల్ అని రెండు వ్యాసాల్లో ఉంటాయి. లార్జ్ 0.210 అంగుళం, స్మాల్ 0.175 అంగుళం. మళ్ళీ వాటిలో రైఫిల్‌వి వేరు, పిస్టల్‌వి వేరు. లార్జ్ రైఫిల్ ప్రైమర్ లార్జ్ పిస్టల్ దానికంటే ఎత్తు ఎక్కువ. వ్యాసం ఒకటే కాబట్టి పిస్టల్ కేసులో దూరుతుంది గానీ పైకి పొడుచుకుని ఉంటుంది. స్మాల్ విషయంలో ఎత్తు తేడా కాదు, రైఫిల్ ప్రైమర్ కప్ మందంగా ఉంటుంది. రైఫిల్ ఒత్తిడికి పిస్టల్ ప్రైమర్ పలచటి కప్ చిల్లు పడొచ్చు.

6.5 క్రీడ్‌మోర్ కాల్చేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఒకే తూటాకి రెండు రకాల కేసులున్నాయి. హోర్నడీ కేసులో లార్జ్ రైఫిల్ గుంట ఉంటుంది, లాపువా కేసులో స్మాల్ రైఫిల్ గుంట. రెండు కంపెనీల కేసులూ ఒకే బకెట్లో వేసుకుంటే ప్రైమింగ్ దగ్గర తికమక పడతారు. ముందే వేరు చేసుకోండి.

మూడు రకాల పరికరాలు

మొదటిది, ప్రెస్‌తోపాటే వచ్చేది. ఆర్‌సీబీఎస్ రాక్ చకర్ లాంటి సింగిల్ స్టేజ్ ప్రెస్‌కి ఒక చిన్న ప్రైమింగ్ ఆర్మ్ ఉంటుంది. అదనంగా ఖర్చు లేదు. ఒక్కొక్క ప్రైమర్ అమర్చి నొక్కాలి. ఇబ్బంది ఎక్కడంటే, ఆ ప్రెస్ లివర్ కేసుని డైలోకి తోయడానికి చేసింది, దాని బలం చాలా ఎక్కువ. పెసరగింజంత ప్రైమర్‌ని రోకలితో నొక్కినట్టు ఉంటుంది. అడుగుకి ఆనిందో, నలిగిందో చేతికి సరిగ్గా తెలియదు. మొదట్లో పదీ ఇరవై చేసుకోవడానికి పనికొస్తుంది.

రెండోది, హ్యాండ్ ప్రైమర్. స్టేప్లర్‌లా పిడికిట్లో పట్టుకుని నొక్కేది. పైన చిన్న పళ్ళెం ఉంటుంది. ప్రైమర్లు అందులో పోసి మెల్లగా కదిపితే అన్నీ ఒక వైపుకి తిరుగుతాయి, ఒక్కొక్కటే కిందికి జారుతుంది. లీ, ఆర్‌సీబీఎస్, హోర్నడీ, ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్ అందరూ చేస్తారు. చాలావరకు 40 నుంచి 100 డాలర్ల మధ్య దొరుకుతాయి. కొనేటప్పుడు నాలుగు విషయాలు చూడండి.

ఒకటి, షెల్ హోల్డర్. మీ ప్రెస్ షెల్ హోల్డర్లు దీనికి సరిపోతాయా? లీ చేతి టూల్‌కి దాని సొంత షెల్ హోల్డర్లు కావాలి. ఆర్‌సీబీఎస్ యూనివర్సల్ మోడల్‌కి షెల్ హోల్డరే అక్కర్లేదు, దాని దవడలే కేసుని పట్టుకుంటాయి. నాలుగైదు క్యాలిబర్లు చేసేవాళ్ళకి ఇది సుఖం.

రెండు, అడ్డుగోడ. నొక్కుతున్న ప్రైమర్ పొరపాటున పేలితే ఆ మంట పళ్ళెంలో ఉన్న మిగతావాటికి అంటుకోకూడదు. మధ్యలో తలుపులాంటి అడ్డు ఉన్న మోడల్ తీసుకోండి.

మూడు, ఏ కంపెనీ ప్రైమర్లు వాడొచ్చో టూల్‌తో వచ్చిన కాగితంలో చదవండి. కొన్ని పళ్ళెం టూల్స్ తయారీదారులు ఫలానా బ్రాండ్లే వాడమని రాస్తారు. అది వ్యాపారం కోసం రాసింది కాదు. కొన్ని ప్రైమర్లు మిగతావాటికంటే సున్నితంగా ఉంటాయి.

నాలుగు, లోతు సర్దుబాటు. ఫ్రాంక్‌ఫర్డ్ లాంటివాటిలో ఎంత లోపలికి వెళ్ళాలో తిప్పి పెట్టుకునే ఏర్పాటుంది. ఉంటే మంచిదే, లేకపోయినా వేలితో నిమిరే అలవాటుంటే ఇబ్బంది లేదు.

మూడోది, బల్లకి బిగించే బెంచ్ ప్రైమర్. వేళ్ళ నొప్పులున్నవాళ్ళకి, ఒక కూర్చోవడంలో మూడు నాలుగొందలు చేసేవాళ్ళకి ఇదే నయం. పొడుగు లివర్, కానీ ప్రెస్ అంత మొరటు బలం కాదు. ఆర్‌సీబీఎస్ ఆటోమేటిక్ బెంచ్ టూల్‌లో ప్రైమర్లు గొట్టంలో ఒకదాని మీద ఒకటి పేర్చుకుని ఉంటాయి. వంద ప్రైమర్లు ఒకే గొట్టంలో ఉన్నాయని మర్చిపోకండి. ఇరుక్కుంటే పుల్ల పెట్టి పొడవకండి, మొహం దానికి ఎదురుగా పెట్టకండి. ఇక వందల డాలర్లు పెట్టి ప్రైమల్ రైట్స్ వాళ్ళ సీటర్ లాంటివి కొనేది వెయ్యి గజాల పోటీలకి వెళ్ళేవాళ్ళు. లోతుని వెయ్యో వంతుల్లో దిద్దుకునే వసతి ఉంటుంది. ఈ ఎపిసోడ్ వింటూ మొదలుపెడుతున్నవాళ్ళకి అది అక్కర్లేదు. ఆ డబ్బుతో మంచి కేసులూ ప్రైమర్లూ కొనుక్కోండి.

చెయ్యి చెప్పేది వినడం

హ్యాండ్ ప్రైమర్ నాకు నచ్చడానికి కారణం, అది కేసు ఆరోగ్యం కూడా చెప్తుంది. ప్రైమర్ దిగేటప్పుడు మూడు రకాలుగా తగులుతుంది.

మెల్లగా, ఒకే బిగితో వెళ్ళి, చివర్లో గట్టిగా ఆగితే బాగున్నట్టు. ఆ ఆగడమే ఆన్విల్ కాళ్ళు అడుగుకి ఆనడం.

ఏ బిగీ లేకుండా జారుకుంటూ పోతే గుంట సాగిపోయింది. ఎన్నోసార్లు కాల్చిన కేసో, ఎక్కువ ఒత్తిడి పడిన కేసో అయ్యుంటుంది. దాన్ని వాడొద్దు. ఇంకెవరూ ఏరుకుని వాడకుండా పక్కన పెట్టి, ప్రైమర్ లేని ఖాళీ కేసు అయ్యాకే మూతిని ప్లయర్‌తో నొక్కి పారేయండి. ఒక లాట్‌లో ఇలాంటివి వరుసగా వస్తుంటే ఆ లాట్ మొత్తానికీ వయసైపోయినట్టే. ప్రెస్ లివర్‌తో నొక్కితే ఈ తేడా మీకు తెలిసేది కాదు.

మొదట్లోనే పట్టేసి దిగనంటే ఆపేయండి. బలం పెట్టకండి. మిలిటరీ కేసు అయ్యుండొచ్చు. వృత్తంలో కూడిక గుర్తు ఉంటే అది నాటో ముద్ర. వాటిలో ప్రైమర్ ఊడకుండా గుంట అంచుని నొక్కి క్రింప్ చేస్తారు. ఆ అంచుని స్వేజర్‌తోనో రీమర్‌తోనో ఒకసారి తీసేస్తే తర్వాత ఎప్పుడూ ఆ సమస్య ఉండదు. లేకపోతే గుంట అడుగున మసి పేరుకుని ఉండొచ్చు. ప్రైమర్ పైనే ఆగిపోవడానికి అదీ ఒక కారణం, గోకేసి మళ్ళీ చూడండి.

పౌడర్ పోసి బుల్లెట్ పెట్టేశాక ప్రైమర్ పైకి ఉందని కనిపెడితే మళ్ళీ టూల్‌లో పెట్టి నొక్కకండి. అప్పుడు మీ చేతిలో ఉన్నది ఖాళీ కేసు కాదు, పూర్తి తూటా. దాన్ని కాల్చకండి కూడా. కాలెట్ పుల్లర్‌తో మెల్లగా విప్పాలి, సుత్తిలా కొట్టే పుల్లర్‌తో కాదు. అందుకే ఆ వేలితో నిమరడం పౌడర్ పోయకముందే చేయాలి.

రేంజ్‌లో తూటా పేలకపోతే బోల్ట్ వెంటనే తీయకండి. మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది.

ఇంట్లో

మన ఇళ్ళ సంగతి తెలుసు కదా. పిల్లలు, ఆరు నెలలకోసారి వచ్చే అమ్మానాన్నలు, వారాంతం అతిథులు. అందుకని కొన్ని నియమాలు.

కళ్ళజోడు, అంటే సేఫ్టీ గ్లాసెస్, మొదటి ప్రైమర్ నుంచి చివరి ప్రైమర్ దాకా తీయొద్దు. ప్రైమర్లు కంపెనీ డబ్బాలోనే ఉంచండి. ఒకటి పేలినా పక్కది అంటుకోకుండా ఆ డబ్బా కట్టారు. ఆవకాయ సీసాలో పోసి పెట్టడం చూడ్డానికి బాగుంటుంది గానీ అది బాంబుతో సమానం. పళ్ళెంలో ఒక్కసారికి సరిపడా పోసుకుని, పని అవగానే మిగిలినవి అదే డబ్బాలోకి తిరిగి పెట్టండి. రకం మర్చిపోయిన ప్రైమర్‌ని ఊహించి వాడకండి.

నిల్వకి లెక్క ఉంది. ఎన్ఎఫ్‌పీఏ 495 ప్రమాణం ప్రకారం ఇంట్లో 10,000 ప్రైమర్లకి మించి పెట్టకూడదు. మీ ఊరి ఫైర్ కోడ్ ఇంకా తక్కువ చెప్పొచ్చు. 2020లో కొరత వచ్చి, అంతకుముందు వెయ్యికి 30, 40 డాలర్లుండే ప్రైమర్ల ధర రెండింతలు దాటిపోయాక చాలామందికి కూడబెట్టే అలవాటైంది. ఆన్‌లైన్‌లో కొంటే ప్రతి ఆర్డర్‌కీ హజ్‌మాట్ రుసుము పడుతుంది కాబట్టి ఒకేసారి ఎక్కువ తెప్పించుకోవాలనిపిస్తుంది. లెక్క దాటకండి.

కింద పడ్డ ప్రైమర్‌ని వాక్యూమ్‌తో లాగకండి, చేత్తో ఏరండి. ఇంకొకటి, సీసం. మామూలు ప్రైమర్ల మందులో సీసం ఉంటుంది, కాల్చిన కేసుల మసిలోనూ, వాటిని శుభ్రం చేసిన ధూళిలోనూ ఉంటుంది. ఇది చిన్న పిల్లలకి చాలా చేటు. కాబట్టి డైనింగ్ టేబుల్ మీద ఈ పని వద్దు, గరాజ్‌లో విడిగా బల్ల పెట్టుకోండి. పని చేస్తూ కారప్పూస తినకండి. అవగానే సబ్బుతో చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని పాపని ఎత్తుకోండి.

దసరాకి ఆయుధ పూజలో ప్రెస్‌కీ, టూల్స్‌కీ బొట్టు పెట్టేవాళ్ళు మనలో ఉన్నారు, నేనూ పెడతాను. పెట్టండి. కానీ ప్రైమర్ డబ్బాలూ పౌడర్ డబ్బాలూ ఆ గదిలోనే ఉండకూడదు. దీపం, అగరొత్తి, హారతి, వీటి దగ్గరికి అవి రావద్దు.

చివరిది ఇండియా ప్రయాణం. రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగుని ప్రయాణాలకి వాడకండి, ఎవరికీ అరువు ఇవ్వకండి. మనకి ఆయుధాల చట్టం 1959 ఉంది. లైసెన్స్ లేకుండా తూటా దగ్గరుండటం నేరం. శంషాబాద్‌లో స్కానర్ కింద జేబు మూలలోంచి ఒక తూటా బయటపడితే, "అది అమెరికాలో సరదాకి చేసుకున్నదండీ" అన్న మాట అక్కడ పనికిరాదు. ప్రైమర్లు విమానంలో చెక్-ఇన్ బ్యాగులో కూడా పెట్టకూడదు.

వచ్చే ఎపిసోడ్‌లో పౌడర్ తూచే త్రాసులు, బీమ్ త్రాసు మేలా, డిజిటల్ మేలా అన్నది చూద్దాం. ఈలోగా మీ దగ్గర టూల్ ఉంటే ప్రైమర్ ఎక్కించిన ఓ ఇరవై కేసుల్ని వరసగా పెట్టి వేలితో నిమిరి చూడండి. పైకి తగిలినవి ఎన్ని ఉన్నాయో, ఏ టూల్ వాడారో రాసి పంపండి, వచ్చేసారి చదువుతాను. ఉంటానండి.